నల్లన్నకు కుట్టిన ఎర్ర కాజాలు

ఆ రోజుల్లో నాకు రెండు సంగతులు ఖాయంగా తెలుసు. ఒకటి, తడిబట్ట ఒంటిమీద ఉంచుకుంటే జ్వరం వస్తుంది. రెండు, అబద్ధం ముఖం చూసి చెబితేనే పాపం, ఫోన్లో చెబితే అంత దోషం లేదు. మొదటిది మా అమ్మ నేర్పింది. రెండోది ఎవరి సాయమూ లేకుండా నేనే కనిపెట్టాను. ఇరవై మూడేళ్ల మనిషికి ఇంతకుమించిన జ్ఞానం అక్కర్లేదనుకుంటూ తిరిగేవాణ్ణి. ఒక చలికాలపు ఆదివారం పొద్దున, కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున, పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు చాయ్ తాగుతూ చూస్తుండగా ఆ జ్ఞానం మొత్తం కొట్టుకుపోయింది. అందులో ఒక రబ్బరు డ్రెస్సుకూ, ఒక టైలరు చాచాకూ, మా నాయిన నేసిన నాలుగు తువ్వాళ్లకూ భాగం ఉంది. మిగతా భాగమంతా నాదే.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. నాయిన పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేవాడు. ఆ గుంటను చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ భయం. ఒకసారి దిగితే నడుము దాకా అందులోనే ఉండిపోతానని భయం. అందుకే డిగ్రీ పాసై, రెండేళ్లు ఊళ్లో చాయ్ హోటళ్ల బల్లలు అరగదీసి, దొరికిన మొదటి ఉద్యోగానికి ఎగిరి గంతేశాను. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. హైదరాబాద్ నుంచి ఒకాయన కృష్ణ వెనకనీళ్ల మీద పడవలు, నీటి ఆటలు పెడతానని మనిషి కోసం వెతుకుతున్నాడు. ఉద్యోగానికి కావలసిన అర్హత ఒక్కటే, ఈత రావాలి. చిన్నప్పుడు నాయిన నా నడుముకు రెండు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి కాలువలోకి తోసి నేర్పిన ఈత అట్లా అక్కరకొచ్చింది. (డిగ్రీ సర్టిఫికెట్‌ను హైదరాబాద్ సారు కనీసం తిరగేసి కూడా చూడలేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని గుండెకు హత్తుకుని గద్వాల నుంచి వనపర్తి మీదుగా రెండు బస్సులు మారి తెచ్చాను.)

ఒడ్డున నాకు ఒక రేకుల గది ఇచ్చారు. గది ముందు నీళ్లు, వెనక రాళ్ల గుట్ట, ఆ గుట్ట దాటితే మామిడి తోటలు. ఒక మోటారు పడవ, దాని వెనక తాడు కట్టి లాగితే మోకాళ్ల మీద కూర్చుని నీటిమీద జారే ఒక పలక, ఊదా రంగు కుర్చీలు ఆరు. హైదరాబాద్ సారు రెండు మధ్యాహ్నాలు నాకు ఆ పలక మీద కూర్చోవడం నేర్పి, "ఇక జనం వస్తుంటారు, చూసుకో" అని వెళ్లిపోయాడు. జనం రాలేదు. దసరాకు రాలేదు, దీపావళికి రాలేదు, కార్తీకం పోయింది, రాలేదు. నేను పొద్దున లేచి ఆరు కుర్చీలూ తుడిచి వరుసగా వేసేవాణ్ణి. సాయంత్రం వాటిని లోపల పెట్టేవాణ్ణి. మధ్యలో ఏ కుర్చీకీ అన్యాయం జరగకుండా కాసేపు ఇందులో, కాసేపు అందులో కూర్చునేవాణ్ణి. నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఒక్కోరోజు సాయంత్రమయ్యేసరికి పొద్దుట్నుంచి నా గొంతు నేనే వినలేదని గుర్తొచ్చేది. అప్పుడు దగ్గి చూసుకునేవాణ్ణి.

ఆ గదిలో నాకు తోడు ఒక్కడే, నల్లన్న. నల్లన్న అంటే మనిషి కాదు, డ్రెస్సు. చల్లటి నీళ్లలో ఆటలాడేవాళ్లు వేసుకునే ఆ రబ్బరు డ్రెస్సును సారు ఎక్కడో సముద్రం ఒడ్డు ఊళ్లో పాతది కొని తెచ్చాడు. మెడ నుంచి చీలమండల దాకా ఒకే ముక్క, నల్లగా, మెత్తగా, పట్టుకుంటే స్పాంజిలాగా ఉండేది. "చలికాలంలో ఇది వేసుకుని దిగు, వెచ్చగా ఉంటుంది" అన్నాడే గానీ, ఎట్లా వెచ్చగా ఉంటుందో చెప్పలేదు. నేనూ అడగలేదు. దాన్ని మేకుకు తగిలిస్తే అచ్చం తల లేని మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డట్టు ఉండేది. మొదటి రెండు వారాలు చూసి ఉలిక్కిపడేవాణ్ణి. మూడోవారం నుంచి "ఏంది నల్లన్నా, తింటివా?" అని అడగడం మొదలుపెట్టాను. డిసెంబరు వచ్చేసరికి నా కష్టసుఖాలన్నీ వాడికి తెలుసు. మధ్యలో మాట అడ్డుకోకుండా వినేవాడు నాకు ఆ జిల్లా మొత్తంలో వాడొక్కడే.

మనుషులు లేక కాదు సుమా. గుండ్రటి బుట్టలాంటి పడవ, అదే పుట్టి, నడుపుతూ వలలు వేసే ఒక అవ్వ ఒడ్డున ఉండేది. ఈ పుట్టి అవ్వ రోజూ తెల్లవారకముందే నడుము లోతు నీళ్లలో నిలబడి వల సవరించుకునేది. నన్ను చూడగానే "తిన్నవా బిడ్డా?" అని కేకేసేది. నేను తిన్నా తినకపోయినా "తిన్న అవ్వా" అని గదిలోకి పోయేవాణ్ణి. ఎందుకంటే నేను ఆఫీసర్ని. పుట్టి అవ్వతో కూర్చుని రొట్టె తినేవాడు ఆఫీసరెట్లా అవుతాడు? ఒక్కసారి మాత్రం ఆగి అడిగాను.

"సలి పెడ్తలేదా అవ్వా, గంత సేపు నీళ్లల్ల నిలవడ్తవు?"

"కదిలితె పెడ్తది బిడ్డా. కదలకుంటె ఒంటికాడి నీళ్లు ఒంటికి అలవాటయితయి. చీర జర బిర్రుగ సుట్టుకుంట, గంతే. ఊకె కదిలిస్తె కొత్తనీళ్లొస్తయి. కొత్తనీళ్లే సల్లగుంటయి."

మంచి మాటే గానీ, మనకు పనికొచ్చే మాట కాదనుకున్నాను. పుట్టి నడిపే అవ్వకు సముద్రం డ్రెస్సు గురించి ఏం తెలుసని! (ఈ వాక్యం రాస్తుంటే నా చెవులు ఇప్పటికీ వేడెక్కుతున్నాయి.)

ఇక ఫోన్ల సంగతి. వారానికోసారి కొల్లాపూర్ పోయి ఎస్టీడీ బూత్ నుంచి గద్వాలకు చేసేవాణ్ణి. మా వీధి కిరాణా దుకాణం వాళ్లు నాయినను పిలుచుకొచ్చేదాకా చేతిలో రిసీవరు పట్టుకుని ఆ దుకాణంలో గుగ్గిళ్ల బేరం వినడం కూడా నాకు పండగలాగే ఉండేది. నాయిన వచ్చి "ఎట్లున్నవు కొడుకా?" అనగానే 'ఒక్కణ్ణే ఉన్న నాయినా' అనే మాట నోటిదాకా వచ్చేది. దాన్ని దాటడానికి అబద్ధం ఒక్కటే దారి. "మస్తుగున్న నాయినా. ఆఫీసు మంచిగుంది. నా కింద నలుగురు పనిచేస్తుండ్రు" అన్నాను. నలుగురు అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఇద్దరంటే తక్కువనిపించింది, పదిమందంటే నమ్మడనిపించింది. నాయిన దుకాణంలో అందరికీ వినపడేలా "నలుగురంట!" అన్నాడు. ఆ మాటలోని సంతోషం నా చెవిలో పడ్డాక నేను వెనక్కి తీసుకోలేకపోయాను. ఆ తర్వాత ప్రతి వారం నలుగురి క్షేమం అడిగేవాడు. నేనూ ఒకడికి జ్వరమనీ, ఒకడికి పెళ్లి కుదిరిందనీ చెబుతూ వాళ్లను బతికించుకుంటూ వచ్చాను.

సంక్రాంతికి వారం ముందు హైదరాబాద్ సారు ఊడిపడ్డాడు. వచ్చే ఆదివారం పట్నం నుంచి పెద్దవాళ్లు వస్తున్నారట. సూర్యోదయం వేళ పలక మీద ఒక అరగంట ఆట చూపించాలట. వాళ్లకు నచ్చితే ఇక్కడ పెద్ద ఎత్తున పెడతారట. "అప్పుడు నలుగురిని పెడతాను. వాళ్ల మీద నువ్వే" అన్నాడు. నలుగురు! నేను నల్లన్న వైపు చూశాను. దేవుడనేవాడు ఉన్నాడు. నా అబద్ధాన్ని నిజం చేయడానికి స్వయంగా కారులో వచ్చాడు. ఆ సంతోషం పట్టలేక అదే సాయంత్రం గద్వాలకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే నాయిన అన్నాడు.

"కొడుకా, ఆదివారం పొద్దుగాల నీ దగ్గరికొస్తున్న. నీ నలుగురికి తలా ఒక తువ్వాల నేసిన. మేస్త్రి ఇచ్చిన చీరల పని అయినంక, మిగిలిన నూలుతోని. మంచిగొచ్చినయి. నా చేత్తోని ఇస్త."

"ఈ ఆదివారం వద్దు నాయినా, పని శానుంది" అన్నాను.

"పని ఉన్నప్పుడే కదరా సూడాలె" అని పెట్టేశాడు.

లెక్క తేలిపోయింది. ఆదివారం ఆట కుదిరితే నాయినకు చెప్పుకోవచ్చు, 'వీళ్లు రేపట్నుంచి వస్తుండ్రు' అని. కుదరకపోతే ఆ నాలుగు తువ్వాళ్ల ముందు నేను ఒక్కణ్ణే నిలబడాలి. కాబట్టి ఆ పూటకు చలిని గెలవాలి.

మర్నాడు తెల్లవారుజామున నల్లన్నను మొదటిసారి ఒంటికి తొడిగాను. తొడగడానికే అరగంట పట్టింది. అంత బిగుతు. ఒక కాలు దూర్చి, గదంతా ఒంటికాలి మీద గెంతి, రెండో కాలు దూర్చాను. చేతులు దూరాయి. అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. జిప్పు వీపు మీద ఉంది. చేతులు అందవు. వెనక జిప్పున్న బట్ట కుట్టినవాడు, వేసుకునేవాడికి ఇంట్లో ఇంకో మనిషి ఉంటుందనుకునే కదా కుట్టాడు! ఆ గదిలో నేను తప్ప ఎవరున్నారు? చాలాసేపు అట్లాగే వీపు తెరుచుకుని నిలబడ్డాను. ఎందుకో ఆ మూడు నెలల్లో ఎప్పుడూ రానంత ఏడుపు అప్పుడొచ్చింది. చివరికి జిప్పుకు వేలాడుతున్న పొడవాటి పట్టీని కిటికీ ఊచకు కట్టి, గోడకు వీపు ఆనించి, మెల్లగా గొంతుక్కూర్చున్నాను. జిప్పు సర్రున పైకి పాకింది. (ఆ పట్టీని భుజం మీదుగా తీసుకుని ఎవరికి వారే లాక్కోవచ్చని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ పట్టీ ఉన్నదే అందుకట.)

నీళ్లలో దిగాను. నడుము దాకా బాగానే ఉంది. మెడ దాకా మునగగానే వెన్నెముక మీదుగా సన్నటి చల్లటి ధార లోపలికి జారింది. గుండె ఆగిపోయింది. డ్రెస్సు కారుతోంది! వాన కోటు కారితే ఏమనుకుంటాం, చిరిగిందనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. లోపల బట్ట తడిస్తే జ్వరం ఖాయం, అమ్మ చెప్పింది. ఒక్క నిమిషం కూడా ఉండకుండా పరుగెత్తి ఒడ్డెక్కాను. ఇంకో మూడు నిమిషాలు కదలకుండా ఓర్చుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ ఓర్చుకోలేదు. నల్లన్నను సంచిలో కుక్కి మొదటి ఆటో ఎక్కి కొల్లాపూర్ పోయాను.

బస్టాండు వెనక వీధిలో టైలర్ చాచా కొట్టు ఉండేది. పెళ్లి షేర్వాణీల నుంచి బడి పిల్లల నిక్కర్ల దాకా కుట్టని బట్ట లేదాయన. 'కాదు' అనే మాట నేర్చుకోనే లేదు. నల్లన్నను బల్ల మీద పరిచి, రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి, వాసన చూసి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"యా అల్లా! గిది ఎవరి నాపు తీసి గింత బిర్రుగ కుట్టిండ్రు బేటా? ఊపిరాడదు."

"నీళ్లు లోపలికొస్తున్నయి చాచా. రాకుంట చెయ్యాలె."

చాచా మెడ చూశాడు, ముంజేతులు చూశాడు, జిప్పు చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత వైద్యుడిలా నెమ్మదిగా చెప్పాడు.

"మెడ ఉన్నంక నీళ్లు రాకుంట ఎట్లుంటయి? వస్తయి. వచ్చిన నీళ్లు పోనీకి తొవ్వ లేదు, గదీ దీని బీమారి. తొవ్వ పెడ్త. ఇంగ జర ఖుల్లా చేస్త. నువ్వు పరేషాన్ గాకు."

ఆ మాట నాకు ఎంత సబబుగా తోచిందంటే చాచా చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకోవడం ఒక్కటే తక్కువ. రేకుల ఇంట్లో వాన కారితే కింద కంత పెట్టి నీళ్లు బయటికి పంపిస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. శుక్రవారం సాయంత్రానికి నల్లన్న తయారయ్యాడు. చంకల కింద, రెండు పక్కల్లో లాల్చీకి వేసినట్టు కోణంగా ముక్కలు అతికాడు. (చాచా వాటిని కలీలంటాడు. పాత గొడుగు గుడ్డతో వేశాడు, 'వానకు తట్టుకున్నది నీళ్లకు తట్టుకోదా' అని.) చీలమండల దగ్గర, కాలికి రెండు చొప్పున, నాలుగు కాజాలు తీశాడు. గుండీ పెట్టుకోవడానికి తీసే కాజాలే. నల్లదారం అయిపోయిందట, ఎర్రదారంతో అంచులు చేత్తో కుట్టాడు. పెళ్లికొడుకు షేర్వాణీకి కూడా అంత చక్కటి కాజాలు నేను చూడలేదు. "మూడు సూదులు ఇరిగినయి బేటా, అయినా ఇడ్వలే" అన్నాడు గర్వంగా. గదికి తెచ్చి వేసుకు చూస్తే ఎంత హాయిగా ఉందో! చేతులూపుతుంటే లోపల గాలి ఆడుతోంది. "ఇంగ మనకు ఎదురులేదు నల్లన్నా" అన్నాను.

ఆదివారం వచ్చింది. నీటిమీద పొగలా మంచు. ఆరు కుర్చీలకు తోడు ఇంకో పది తెప్పించారు. శాలువాలు కప్పుకున్న పెద్దవాళ్లు, వాళ్ల పిల్లలు, కెమెరాలు. నేను కిటికీ సాయంతో జిప్పు ఎక్కించుకుని, పైన లైఫ్ జాకెట్ కట్టుకుని, పలకతో నీళ్లలో దిగి నిలబడ్డాను. వాళ్ల చాయ్ అయ్యేదాకా నిలబడాలి. ఆ కాసేపట్లోనే ఏదో తేడాగా ఉందని తెలిసింది. ప్రతి చిన్న అలకూ లోపల నీళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా కొత్తగా చలి. అయినా పళ్లు బిగబట్టాను. హైదరాబాద్ సారే పడవ నడుపుతున్నాడు. తాడు బిగిసింది.

పలక లేచింది. మోకాళ్ల మీద నిలదొక్కుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. పడవ వేగం అందుకున్నదో లేదో, ఎదురు నీళ్లన్నీ మెడలోంచి లోపలికి దూరాయి. గొడుగు గుడ్డ కలీలు రెండు పక్కలా బూరెల్లా పొంగాయి. చాచా చెప్పిన తొవ్వ మాత్రం అబద్ధం కాలేదు. పలక మీద ఎగిరిపడ్డప్పుడల్లా నాలుగు ఎర్ర కాజాల్లోంచి నాలుగు ధారలు పిచికారీ కొట్టినట్టు వెనక్కి చిమ్మాయి. ఒడ్డున పిల్లలు అదొక విద్య అనుకుని కేరింతలు కొట్టారు. ఎవరో పెద్దాయన "భలే పెట్టారే!" అన్నాడట కూడా. వాళ్లకేం తెలుసు, కృష్ణానది మొత్తం నా మెడలో చేరి చీలమండల్లోంచి బయటికి పోతోందని, పోయేటప్పుడు నా ఒంట్లో ఉన్న కాస్త వేడినీ వెంట తీసుకుపోతోందని! అరగంట ఆటలో అయిదు నిమిషాలైనా కాలేదు, వేళ్లు నావి కాకుండా పోయాయి. తాడు ఎప్పుడు వదిలానో తెలియదు. నీళ్లలో బోర్లా పడి, లైఫ్ జాకెట్ పుణ్యమా అని వెల్లకిలా తేలాను. కలీల నిండా నీళ్లు. ఎటు ఈదబోయినా నల్లన్న అటు రానంటున్నాడు. సారు పడవ తిప్పుకుని వచ్చేలోపే నల్లటి గుండ్రటిదేదో నా పక్కకు వచ్చింది. పుట్టి. అవ్వ నా గల్లా పట్టుకుని ఈడ్చి లోపల వేసుకుంది.

"గింత బరువు చేప నా జన్మల పట్టలే" అంది, గొంగడి నా మీద కప్పుతూ.

ఒడ్డుకు చేరేసరికి పెద్దవాళ్లు నవ్వుకుంటూ కార్లెక్కుతున్నారు. సారు వచ్చి నా చంక కింద గొడుగు గుడ్డను చూశాడు. వంగి నా చీలమండలు చూశాడు. ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోలేను.

"కాజాలా? దీనికి కాజాలు కుట్టించావా? ఇదేమన్నా షేర్వాణీ అనుకున్నావా?" అని అరిచాడు. "ఒంటికి అతుక్కుని ఉండాలయ్యా ఇది! లోపలికి కాసిని నీళ్లు వస్తాయి, రావాలి. ఆ పలచటి నీటిపొరను నీ ఒళ్లే వేడి చేసుకుంటుంది. ఆ నీళ్లు బయటికి పోకుండా, కొత్తనీళ్లు రాకుండా ఉండేందుకే అంత బిగుతు. నువ్వేమో దానికి తూములు పెట్టావు!"

"నేను చెప్పలే?" అంది అవ్వ వల దులుపుకుంటూ. "కొత్తనీళ్లే సల్లగుంటయని."

"దీన్ని నువ్వే పెట్టుకుని ఊరేగు. పడవ రేపు పట్టుకుపోతున్నా" అని సారు వెళ్లిపోయాడు. నేను గొంగడి కింద వణుకుతూ తల ఎత్తాను. ఎదురుగా నాయిన. చేతిలో గుడ్డసంచి. పొద్దున బస్సు ఆలస్యమవుతుందేమోనని ముందురోజే బయల్దేరి కొల్లాపూర్ బస్టాండులో పడుకున్నాడట. అంటే అంతా చూశాడు. చప్పట్లు, ధారలు, పుట్టి, కాజాలు, అన్నీ.

నాయిన వంగి చాచా కత్తిరించిన చోట, కలీ పక్కన, రబ్బరు అంచును బొటనవేలితో రాసి చూశాడు. ఏ బట్ట చేతికొచ్చినా ఆయన ముందు చేసే పని అదే. "దీంట్ల పోగు లేదురా" అన్నాడు ఆశ్చర్యంగా. "అన్ని సన్నసన్న బుడగలు. గాలి పట్టి పెట్టిండ్రు. బయటి సలి లోపలికి రాకుంట గాలి, లోపల నీళ్లు. అబ్బ, ఎవడో మంచి పనోడే." తర్వాత గది వైపు చూశాడు, కుర్చీల వైపు చూశాడు. నాకు ఆ ప్రశ్న వస్తుందని తెలుసు.

"నలుగురు ఏరి కొడుకా?"

నేను నల్లన్న చేతులతోనే ముఖం కప్పుకున్నాను. "ఎవరు లేరు నాయినా. ఎప్పుడు లేరు. నేనొక్కణ్ణే" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక వణుకు ఆగకపోగా ఏడుపు కూడా తోడైంది. ఇరవై మూడేళ్ల ఆఫీసర్ని, అవ్వ ముందు, నాయిన ముందు, చంటిపిల్లాడిలా ఏడ్చాను. నాయిన లైఫ్ జాకెట్ విప్పి, నా వెనక్కి వచ్చి జిప్పు కిందికి లాగాడు. మూడు నెలల తర్వాత నా వీపును తాకిన మొదటి మనిషి చెయ్యి అది. సంచిలోంచి ఒక తువ్వాల తీసి తల తుడిచాడు. అది తడిసిపోతే రెండోది తీసి వీపు తుడిచాడు. మూడోది కాళ్లకు. కొత్త నూలు, ఎర్ర అంచు, గంజి వాసన. "మూడు నెలలు ఒక్కనివే ఉన్నవారా?" అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగోది పొడిగా మిగిలింది. నాయిన దాన్ని అవ్వకు ఇవ్వబోతే అవ్వ రెండు చేతులూ చాచి తీసుకుని, "రోజు అడుగుత సారూ, తిన్నవా అని. తిన్ననంటడు. తిననోని ముఖం నాకు తెల్వదా? జర నవ్వమను పోరణ్ణి" అంది. ఆ పూట ముగ్గురం పుట్టి పక్కన కూర్చుని జొన్నరొట్టె తిన్నాం. నేను నాలుగు తిన్నాను. తడిసిన మూడు తువ్వాళ్లనూ పుట్టి అంచు మీద ఆరేశాం. ఆరినవాటిలో ఒకటి మడిచి నాయిన "గా కాజాలు కుట్టినాయనకు" అన్నాడు. అంత చక్కగా కుట్టినవాణ్ణి చూడకుండా పోనన్నాడు. ఒకటి తను భుజాన వేసుకున్నాడు, "నేను సుత నీ కిందనే పనిచేస్తున్న అనుకో" అంటూ. ఇంకొకటి నల్లన్న మెడలో వేశాడు. అట్లా నలుగురయ్యారు.

మధ్యాహ్నం బస్సుకు ముందు చాచా కొట్టుకు పోయాం. చాచా తువ్వాలను కళ్లకద్దుకుని, నాయిన చేయి పట్టుకుని వదల్లేదు. ఒకరు నేసేవారు, ఒకరు కుట్టేవారు, వాళ్లకు నాతో పనేముంది! మాటల మధ్యలో హఠాత్తుగా గుర్తొచ్చి నన్నడిగాడు.

"ఎట్లయింది బేటా? నీళ్లు పోయినయా?"

నాయిన నా వైపు చూశాడు.

"పోయినయి చాచా. మస్తుగ పోయినయి."

"నేను చెప్పలే!" అని చాచా తొడ చరిచాడు. అది అబద్ధం కాదు. ఆ ఏడాది నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో. గద్వాల పోయే బస్సులో నాయిన చాలాసేపు కిటికీలోంచి చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. వనపర్తి వచ్చేదాకా ఆగలేదు. నేనూ ఆపలేదు.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఆ మగ్గం గుంట నన్ను మింగలేదు. అందులో కొన్నేళ్లు కూర్చున్నాను, తర్వాత లేచి చీరల అంచులకు డిజైన్లు గీసే పనిలో కుదురుకున్నాను. చాచా లేడు. అవ్వ సంగతి తెలియదు. వెళ్లి కనుక్కోనందుకు సిగ్గుపడుతున్నాను. నాయిన పోయి మూడేళ్లయింది. మొన్న ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున నల్లన్న కనిపించాడు. మెడలో తువ్వాల అట్లాగే ఉంది. మా అమ్మాయి పట్టుకుని "నాన్నా, ఇది వేసుకుని చూపించు" అని ఒకటే గొడవ. రబ్బరు అక్కడక్కడా పగిలింది గానీ కాజాలు ఒక్కటి కూడా పోగు వీడలేదు. సిగ్గు విడిచి తొడిగాను. చెప్తే నమ్మరు, ఈ ఇరవై ఏళ్లలో పెంచుకున్న పొట్టంతా చాచా వేసిన కలీల్లో ఇమిడిపోయి, డ్రెస్సు ఎట్లా ఉండాలని సారు అరిచాడో అట్లా ఒంటికి అతుక్కుంది. చాచా ఆ రోజుకు కాదు, ఈ రోజుకు కొలత తీసుకున్నాడన్నమాట. వీపు తిప్పి నిలబడ్డాను. అమ్మాయి జిప్పు పట్టుకుని మెల్లగా పైకి లాగి, "నాన్నా, చేతులు అందవు కదా, అప్పుడు నీకు ఎవరు పెట్టేవారు?" అంది.

"కిటికీ" అన్నాను.

అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, వెంటనే దాని వైపు తిరగలేదు. చిన్న చెయ్యి ఇంకా వీపు మీద ఉంది, కాసేపు అట్లాగే ఉండనిద్దామనిపించింది.